వెనక వరుస ముఖాలు

9 జనవరి 1988, శనివారం

యోహాను ఫోటోలన్నీ తిప్పి పంపాడు. కరీంనగర్‌లో కూర్చుని పేపరుకు ఆటల వార్తలు రాసే మనిషి. నేను పంపిన కవరు మీదే పేరు కొట్టేసి మళ్లీ నా పేరే రాశాడు, కొత్త కవరు కొంటే చేతులు కాలతాయి కాబోలు. లోపల చీటీ. "రావు సాబ్, దీంట్ల కూతకు వోయినోడు ఎవడో, పట్టేటోడు ఎవడో మా ఆఫీసుల ఎవలకు సమజ్ అయితలేదు. అందరు పొగ లెక్క ఉన్నరు. ఈడ ఇద్దరు కొత్త కెమెరాలు కొన్నరు, ఆళ్లయే ఏస్తున్నరు. మీరు గూడ జర సోంచాయించున్రి."

జగిత్యాలలో మూడు రోజులు కబడ్డీ పోటీలు. ఎండలో నిలబడి మూడు రోల్స్ తీశాను. బాగా వచ్చినవి రెండే. ఒకటి కెప్టెన్లు చేతులు కలుపుతున్నది, ఇంకొకటి కప్పు ఇస్తున్నది. రెంటిలోనూ ఎవరూ కదలరు.

నాది రెండు కళ్ల యాషికా. నడుము దగ్గర పట్టుకుని పైనుంచి తొంగి చూడాలి. లోపలి అద్దంలో కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనబడుతుంది. కూతకు వచ్చినవాడు ఇటు దూకితే అద్దంలో అటు దూకుతాడు. నేను వాడి వెంట కెమెరా తిప్పబోయి వాడికి ఎదురు తిప్పుతాను. ఒకటి నొక్కాక పిడి తిప్పాలి, అంతలో వాడు గీత దాటిపోయి నీళ్లు తాగుతుంటాడు. పదిహేనేళ్ల నుంచి ఇదే కెమెరా. దీన్ని తిట్టడం నాకు ఇష్టం లేదు, కానీ ఇవాళ తిట్టాను.

ప్రమీల అన్నం పెడుతూ అంది: "పెండ్లిళ్లకు గీ కెమెరా సాల్తలేదా? పీట మీద కూసున్న పెండ్లిపిల్ల ఎటన్న దుంకుతదా?"

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు.

12 జనవరి

కొనాలా, వద్దా.

నాకు వచ్చే పని మూడు రకాలు. పెళ్లిళ్లు ఒకటి. దుబాయి, మస్కట్ పోయేవాళ్ల పాస్‌పోర్టు ఫోటోలు ఒకటి. మూడోది, పోలీసు జీపు వచ్చి రమ్మంటే పోయి తీయవలసిన శవాల ఫోటోలు. పోయిన సంవత్సరం తొమ్మిదిసార్లు వెళ్లాను. రానని చెప్పే ధైర్యం ఈ కోరుట్లలో ఏ స్టూడియోవాడికి ఉంది?

అందుకే ఆటలు. పరుగెత్తే మనుషుల్ని, ఎగిరే మనుషుల్ని, ఒళ్లంతా మట్టి అంటుకుని నవ్వే మనుషుల్ని తీయాలని ఉంది నాకు. ఇది ఎవరికీ చెప్పుకోలేను. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చాయి, దొర కొడుకు ఫోటోలు తీసుకుని బతుకుతున్నాడని చుట్టాలు ఇప్పటికే నవ్వుతున్నారు.

కొనడమే మంచిది. లేదా ఇంకో సంవత్సరం ఆగాలి.

17 జనవరి, ఆదివారం

మెట్‌పల్లి వెళ్లాను. రాజనర్సు షార్జా నుంచి ఒక నికాన్ తెచ్చి బీరువాలో పెట్టి మరిచిపోయాడని ఎవరో చెప్పారు. నిజమే. చీరల మధ్య నుంచి తీశాడు. పొడుగు లెన్సు, కింద మోటారు. ఒకసారి నొక్కి పట్టుకుంటే వరసబెట్టి నాలుగైదు ఫోటోలు తనే తీసుకుపోతుంది. సెకనులో నాలుగువేలో వంతు దాకా షట్టరు ఉంది. నేను కంటికి పెట్టుకుని కిటికీలోంచి చూశాను. పసుపు బస్తాలు మోస్తున్న హమాలీ కనబడ్డాడు. కుడివైపు పోయేవాడు కుడివైపే పోతున్నాడు. చిన్నపిల్లవాడిలా సంబరపడ్డాను.

ధర మాట వచ్చేసరికి నా ముఖం చూసి రాజనర్సే అన్నాడు: "ఇప్పుడే ఏమద్దు సాబ్. నెల దినాలు తీసుకపోన్రి. తీసి సూడున్రి. మంచిగ అనిపిస్తె అప్పుడు మాట్లాడుకుందం. లేకుంటె మల్ల గీ చీరలల్లనే పెడుత."

తీసుకొచ్చాను. ప్రమీల దాన్ని చూసి వంటింట్లోకి పోయి గిన్నెలు చప్పుడు చేసింది. కోపం వచ్చిందన్నమాట.

19 జనవరి

కుక్కలను తీశాను. బస్సు ఎక్కేవాళ్లను తీశాను. నీళ్ల పంపు దగ్గర కొట్లాటను తీశాను, బిందె గాల్లో ఉంది.

27 జనవరి, బుధవారం

నిన్న సిరిసిల్లలో రిపబ్లిక్ డే కబడ్డీ ఫైనలు. జగిత్యాల జట్టు, సిరిసిల్ల జట్టు. మగ్గాలు ఆపేసి ఊరంతా మైదానంలో ఉంది, గోడల మీద, లారీల మీద, వేప కొమ్మల మీద. నేను గీతకు దగ్గరగా మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆఖరి కూతకు జగిత్యాల కెప్టెన్ వెళ్లాడు. ముగ్గురు పట్టారు. వాడు ముగ్గురినీ ఈడ్చుకుంటూ గీత మీదికి ఎగిరాడు. నేను నొక్కి పట్టుకున్నాను. మోటారు గరగరమని తిరిగింది. జనం అరిచిన అరుపులకు నా చెవులు ఇంకా గుయ్‌మంటున్నాయి.

ఇంతకాలం ఈ ఆటను ముక్కలుగానే చూశానని నిన్న తెలిసింది. బస్సులో నిలబడి వచ్చాను, కాళ్ల నొప్పి తెలియలేదు.

28 జనవరి

కడిగాను. వచ్చింది! కెప్టెన్ నేలకు రెండడుగుల పైన ఉన్నాడు. చెయ్యి గీత అవతల. ముగ్గురు వాడి నడుముకూ కాళ్లకూ వేలాడుతున్నారు. చెమట చుక్కలు విడివిడిగా లెక్కపెట్టవచ్చు. వెనక జనం కూడా ఒక్కొక్కరు ఒక్కొక్కరుగా వచ్చారు. ఒకడి బొత్తాము ఊడిపోయింది, అదీ కనబడుతుంది.

ఇట్లాంటిది ఈ జిల్లాలో ఇంతవరకు ఎవడూ తీయలేదు. ఎవరూ అనరు కాబట్టి నేనే రాసుకుంటున్నాను.

30 జనవరి

పేపరులో వేశారు. జనాన్నంతా కోసేసి కెప్టెన్ నడుము పైభాగం మాత్రం వేశారు, ఒక్క కాలమ్‌లో, అగ్గిపెట్టె అంత. గీత లేదు, పట్టినవాళ్లు లేరు. వాడు మంచం మీంచి పడుతున్నట్టుంది. నా పేరు తప్పు రాశారు.

తల ప్రాణం తోకకు తెచ్చుకుని తీస్తే ఇదా? వాళ్లు వేయకపోతే పోనీ. నాకు షోకేసు లేదా? పెద్ద కాగితం మీద మొత్తం ఫోటో కడిగి నా షోకేసులోనే పెడతాను. బస్టాండుకు పోయేవాళ్లంతా చూస్తారు.

31 జనవరి

పెట్టాను. ప్రొద్దున్నుంచి జనం ఆగి చూస్తున్నారు. చాయ్ హోటల్ మల్లయ్య గ్లాసు పట్టుకునే వచ్చి అన్నాడు: "ఏం తీసినవు సాబ్! దుమ్ము గూడ వడ్డది!" ఇంకేం కావాలి?

5 ఫిబ్రవరి, శుక్రవారం

మధ్యాహ్నం నాగవ్వ షోకేసు ముందు నిలబడి ఉంది.

మా ఊరి నాగవ్వ. రాయికల్ దగ్గర మా ఊళ్లో ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో పని చేసింది, నన్ను ఎత్తుకుని తిప్పింది. మేం ఊరు విడిచి కోరుట్లకు వచ్చి తొమ్మిదేళ్లయింది. తను బీడీలు చేస్తుంది, వారానికోసారి అప్పజెప్పడానికి ఇక్కడికి వస్తుంది. అప్పుడప్పుడు దూరం నుంచే దండం పెట్టి పోయేది. ఇవాళ దండం పెట్టలేదు. బీడీల గంప నెత్తి మీదే ఉంది, అద్దానికి ముక్కు ఆనించి చూస్తూ ఉంది. నేను బయటికి వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

లోపలికి వచ్చి భూతద్దం తీసుకుని ఫోటోలో వెనక వరుస చూశాను. తాడు అవతల, ఎడమ నుంచి నాలుగోవాడు. తలకు తువ్వాల. అందరూ కూర్చుని ఉంటే వాడు సగం లేచాడు, చేతులు ముందుకు చాచి, తనే కూతకు పోతున్నట్టు. నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. గవద మీద మచ్చ.

ముత్యం. నాగవ్వ కొడుకు.

6 ఫిబ్రవరి

ముత్యం నాకంటే మూడేళ్లు చిన్న. చిన్నప్పుడు వరికోతలయ్యాక మా పొలంలోనే కబడ్డీ ఆడేవాళ్లం. వాడిని ఎవరూ పట్టలేకపోయేవాళ్లు. తరువాత రైతుకూలీ సంఘంలోకి పోయాడు. మా ఇంటి ముందుకు వచ్చి మా నాన్నను భూముల గురించి నిలదీసిన పదిమందిలో వాడూ ఉన్నాడు. ఆ రోజు వాడు నావైపు చూడలేదు. ఆ తరువాతే మేం ఊరు విడిచాం. ఏడేళ్ల కింద వాడు అడవుల్లోకి, అన్నల దగ్గరికి పోయాడు. ఆ తరువాత ఎవరూ చూడలేదు.

కబడ్డీ చూడటానికి వచ్చాడు, పిచ్చివాడు.

ప్రమీలకు చూపించాను. చూసి భూతద్దం బల్ల మీద పెట్టేసింది. "తీసెయ్యున్రి. ఇప్పుడే తీసెయ్యున్రి. పోలీసోళ్ల కంట్ల వడ్డదంటె ఆ మనిషి పానం పోతది."

"వాని చిన్నప్పటి మొకం ఎరుకైనోళ్లకే గుర్తువడ్తది. పోలీసోళ్ల కాడ వాని ఫోటోనే లేదట," అన్నాను.

"గిప్పుడున్నది గద," అంది.

సాయంత్రం తీద్దామనుకున్నాను. సాయంత్రం ఇద్దరు కాలేజీ లెక్చరర్లు వచ్చి ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డారు.

8 ఫిబ్రవరి

రేపు తీస్తాను.

12 ఫిబ్రవరి, శుక్రవారం

నాగవ్వ ఇవాళ లోపలికి వచ్చింది. కుర్చీ చూపిస్తే గడప పక్కన నేల మీద కూర్చుంది.

"చిన్నదొర, గా ఫోటో అద్దంలకెల్లి తియ్యకు."

"పెద్దగున్నది, అందరు చూస్తరు నాగవ్వ. నీకు చిన్నది కడిగిస్త, ఇంట్ల పెట్టుకో."

"ఇంట్ల ఏడ వెడుదు? ఆళ్లు అచ్చిన్రంటె సాపల కెల్లి కుండల దాంక ఎల్లదీసి సూస్తరు. ఉన్నయి నేనే పొయిల ఏసిన. వాని బడి ఫోటో గూడ ఏసిన. నీ దుకాన్ల ఉంటె ఎవలకు అనుమానం? దొర అద్దంల మావోడు ఉన్నడని ఎవలనుకుంటరు?" షోకేసు వైపు తిరిగింది. "ఏడేండ్లాయె సూడక. పండ్లన్ని కనవడేటట్టు నవ్విండు సూసినవా? బక్కగయిండు గని నవ్వు అదే ఉన్నది. ఇంక రెండు మూడు వారాలు ఉంచు. అచ్చినప్పుడు సూసి పోత."

ఉంచుతానన్నాను. ఏం చేయను? తల్లి అడిగింది. నా కోసం కాదు, ఆమె కోసమే ఉంచాను.

17 ఫిబ్రవరి

నెల అయిపోయింది. రాజనర్సుకు కబురు చేశాను, ఇంకా నిర్ణయించుకోలేదని. తొందరేం లేదన్నాడట. ఏప్రిల్‌లో కరీంనగర్‌లో రాష్ట్ర పోటీలని యోహాను రాశాడు. ఈ కెమెరా ఉంటే గీత దగ్గర కూర్చోబెట్టిస్తాడట. రెండో లెన్సు కూడా ఉంటే బాగుంటుంది. వాలీబాలుకు ఇంత పొడుగుది పనికిరాదు.

19 ఫిబ్రవరి, శుక్రవారం

వచ్చింది. నిలబడింది. పోయింది.

20 ఫిబ్రవరి, శనివారం

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గారు వచ్చారు. పిల్లల పాస్‌పోర్టు ఫోటోలకని. షోకేసులో ఫోటో మెచ్చుకున్నారు. ఒక ముసలావిడ దాని ముందు నిలబడి ఏడుస్తోందని కానిస్టేబులు ఎవరో చెప్పాడట. ఎవరి కోసమని అడిగారు. తెలియదన్నాను. ఫోటో పట్టుకుపోయారు. నెగెటివ్‌లు కూడా, రోలంతా.

నేనేం చేయగలను? అడిగితే ఇవ్వనంటానా?

21 ఫిబ్రవరి

షోకేసులో పెళ్లికూతురి ఫోటో పెట్టాను. అద్దం మారుస్తున్నానని ప్రమీలకు చెప్పాను.

26 ఫిబ్రవరి, శుక్రవారం

నాగవ్వ వచ్చి పెళ్లికూతురిని చూస్తూ నిలబడింది. చాలాసేపు. పొరపాటున వేరే దుకాణానికి వచ్చానేమోనని అటూ ఇటూ చూసింది. నేనే బయటికి వెళ్లాను.

"ఏది దొరా?"

"ఎండకు పాడైతదని తీసిన."

"మల్ల వెడుతవా?"

"పెడుత."

సరేనని తల ఊపి గంప ఎత్తుకుంది. ఎత్తుకోవడానికి చెయ్యి వేశాను. అప్పుడు ఆమె చెవి నా నోటికి జానెడు దూరంలో ఉంది. చెప్పవచ్చు. పోలీసులు పట్టుకుపోయిన్రు, వానికి ఎట్లనన్న కబురు చెయ్యి అని ఒక్క మాట. ఆమెకు దారి తెలియకపోయినా దారి తెలిసినవాళ్లు ఊళ్లో ఉంటారు. చాయ్ హోటల్ దగ్గర ఎవరో ఇద్దరు కూర్చుని ఉన్నారు, నన్నే చూస్తున్నారనిపించింది. చూస్తున్నారో లేదో. చెప్పలేదు.

వచ్చే వారం చెబుతాను.

3 మార్చి

రెండో లెన్సు ధర రాజనర్సు కనుక్కుంటానన్నాడు. దుబాయిలో వాళ్ల బావమరిది ఉన్నాడట. ఫిల్ము కూడా అక్కడ చవక.

4 మార్చి, శుక్రవారం

నాగవ్వ వచ్చే వేళకు మెట్‌పల్లిలో పని ఉందని పోయాను. పని లేదు.

9 మార్చి, బుధవారం

ప్రొద్దున జీపు వచ్చింది. జగిత్యాల పోవాలన్నారు. నికాన్ ముట్టుకోలేదు. యాషికా తీసుకున్నాను.

ముత్యం.

నేరుగా చూడలేదు. అద్దంలోకే తలవంచి చూశాను. అందులో కుడి ఎడమగా ఉంటుంది కాబట్టి దెబ్బ ఏ వైపున ఉందో ఇప్పుడు అడిగితే చెప్పలేను. పన్నెండు తీశాను. కదలడు కాబట్టి పన్నెండూ బాగానే వచ్చి ఉంటాయి. మచ్చ ఉంది.

బయట ఒక కానిస్టేబులు బీడీ ముట్టించుకుంటూ జేబులోంచి చిన్న ఫోటో తీసి చూపించాడు. "గిది మీరు తీసిందేనట గద సార్? మా అందరికి తలా ఒకటి ఇచ్చిన్రు. అసల్‌కు అసల్ ఉన్నడు. మొన్న రాయికల్ కాడ కబడ్డి ఆడుతుంటె జనంల కూసోని చప్పట్లు కొడుతున్నడు. దీన్ని వెట్టి సూసి పట్టుకున్నం." నాకు నమస్కారం కూడా పెట్టాడు.

కబడ్డీ దగ్గర పట్టుకున్నామన్నాడు. సాయంత్రం రేడియోలో గుట్టల దగ్గర ఎదురుకాల్పులన్నారు.

బస్సులో కండక్టరు రెండుసార్లు టికెట్ అడిగితే కానీ వినపడలేదు. ఇంటికి వచ్చి స్నానం చేశాను. మళ్లీ చేశాను.

10 మార్చి

అన్నం ముట్టలేదు.

11 మార్చి, శుక్రవారం

ఊళ్లో అందరూ అంటున్నారట, దొర కొడుకు తొమ్మిదేళ్లు కాచుకుని కూర్చుని పగ తీర్చుకున్నాడని. ప్రమీల నీళ్ల పంపు దగ్గర విని వచ్చింది. నన్ను ఒకటే అడిగింది: "మీరు చెప్పిన్రా?"

లేదన్నాను.

ఇది నేను తప్ప ఎవరూ చదవని పుస్తకం. ఇందులో కూడా అబద్ధం రాసుకుంటే ఇంక నాకు మిగిలేదేముంది? ఇరవయ్యో తారీకున తెలియదన్నానని రాశాను. అట్లా జరగలేదు.

సర్కిల్ గారు ఫోటో ముందు నిలబడి, "ఏం తీశారండీ రావు గారూ! మా పోలీసు క్రీడలకు ఈసారి మీరే రావాలి. జిల్లా ఎస్పీ గారికి మిమ్మల్ని చూపిస్తాను," అన్నారు. నా కాళ్లు నేల మీద లేవు. తొమ్మిదేళ్లలో ఎవరైనా నన్ను అట్లా మెచ్చుకున్నారా? కెమెరా తెచ్చి చూపించాను. మోటారు నొక్కి వినిపించాను. ముందున్నవాళ్లే కాదు సార్, వెనక వరుస ముఖాలు కూడా ఒక్కటి చెదరలేదు చూడండి అని భూతద్దం నేనే ఆయన చేతిలో పెట్టాను. నేనే.

ఆయన తాడు వెంబడి ఒక్కొక్కరినీ చూస్తూ వచ్చారు. "వీడెవడండీ, ఆట వీడే ఆడుతున్నట్టు లేచాడు?" అన్నారు నవ్వుతూ. నేనూ నవ్వుతూ ఉన్నాను. "మా ఊరివాడే సార్. వాడి గవద మీద మచ్చ కూడా ఎంత షార్పుగా వచ్చిందో చూడండి. చిన్నప్పుడు వాడంతటి ఆటగాడు..." అని ఆగిపోయాను. ఆయన భూతద్దం దించారు. ఏ ఊరు మీది, అని అడిగారు. అప్పటికి ఆయన నవ్వడం లేదు. ముసలావిడ మాట తరువాత వచ్చింది. ఆ తరువాత నేను ఎన్నిసార్లు తెలియదన్నా ఏం లాభం?

పగ అని అంటున్నారు. పగ అయినా బాగుండేది, పగకు ఏదో ఒక కారణం ఉంటుంది. నాకు వాడి మీద కోపమే లేదు. నేను లెన్సు గురించి గొప్పలు చెప్పుకుంటున్నాను, అంతే. అంతే.

ఇంకొకటి. రోలంతా పట్టుకుపోయారని రాశాను. ఆయన అడిగింది ఒక్క నెగెటివ్. మిగిలిన నాలుగు నా దగ్గరే ఉన్నాయి, మోటారు వరసగా తీసినవి. అన్నిటిలోనూ ముత్యం ఉన్నాడు. ఒకదాంట్లో నేరుగా నావైపే చూస్తున్నాడు. నన్ను గుర్తుపట్టాడో ఏమో, ముఖం తిప్పుకోలేదు. ఆయన జీపు మలుపు తిరగకముందే నాలుగింటినీ పొయ్యిలో వేశాను.

13 మార్చి, ఆదివారం

నికాన్ తీసుకుపోయి రాజనర్సుకు ఇచ్చేశాను.

"ఏమైంది సాబ్? మంచిగస్తలేదా?"

"మంచిగస్తది," అన్నాను. "చాలా మంచిగస్తది."

అతనికి అర్థం కాలేదు. చాయ్ తాగి పొమ్మన్నాడు. తాగకుండా వచ్చాను. యోహానుకు కరీంనగర్ రానని కార్డు రాశాను. కారణం రాయలేదు.

14 మార్చి

నాగవ్వ వచ్చింది. ఈసారి గంప లేదు. దీపాలు పెట్టే వేళ కాకముందే ఇంటికి చేరాలని తొందర తొందరగా మాట్లాడింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఊళ్లో మాట ఆమె చెవిన పడలేదా, పడినా నమ్మలేదా, నాకు తెలియదు.

"గీ శనివారం దినాలు దొరా. ఫోటో గావాలె. దండ ఏసేటందుకు వాని ఫోటో ఒక్కటి లేదు. గా ఆటల ఫోటో ఉంటె ఇయ్యి. ఇప్పుడు ఇంట్ల పెట్టుకుంటె ఎవలేమంటరు?"

"లేదు నాగవ్వ."

"పోలీసోళ్లు కొండవోయిన్రా?"

ఔనన్నాను.

ఆమె చాలాసేపు నేల గీసింది వేలితో. "సచ్చినంక నువ్వే తీసినవట గద. మొగిలవ్వ పెనిమిటికి గట్లనే సచ్చినంక తీసి, కండ్లు తెరిసినట్టు చేసిచ్చినవు. నా కొడుక్కు గట్లనే చెయ్యి."

ఈ పని ఈ చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. బతికుండగా ఫోటో లేనివాళ్లకు శవం ఫోటోలోంచి ముఖం మాత్రం తీసి, చొక్కా గీసి, మూసిన రెప్పల మీద రంగుతో కళ్లు వేసి ఇస్తాను. ఇంటిల్లిపాదీ దాన్ని చూసి ఏడుస్తారు, బాగా వచ్చిందంటారు. పోలీసులకు ఇవ్వవలసిన పన్నెండింటిలో ఒకటి నేను తక్కువ ఇచ్చాను. పదకొండే వచ్చాయని చెప్పాను. ఇదొక్కటే ఈ రెండు నెలల్లో నేను చేసిన ధైర్యం, అది కూడా వాడు పోయాక.

చేస్తానన్నాను.

17 మార్చి, గురువారం

ప్రొద్దున్నుంచి బల్ల ముందే కూర్చున్నాను. చొక్కా వేశాను. జుట్టు దువ్వినట్టు చేశాను. చెంప మీది దెబ్బ పెన్సిలుతో కప్పేశాను, మచ్చ ఉంచాను. కళ్ల దగ్గర ఆగాను.

ముత్యం కళ్లు ఎట్లా ఉండేవి? పొలంలో పదేళ్లు ఎదురెదురుగా కూత పెట్టుకున్నాం, గుర్తు రావడం లేదు. ఆ నాలుగు నెగెటివ్‌లలో ఉన్నాయి. నావైపే చూసిన కళ్లు. పొయ్యిలో వేసినవి.

ఇట్లాంటప్పుడు తల్లినో అన్ననో ఎదురుగా కూర్చోబెట్టుకుని వాళ్ల కళ్లు చూసి గీస్తాను. నాగవ్వను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆమె కళ్లలోకి చూడమంటే నా వల్ల కాదు. గోడకున్న అద్దం దించి బల్ల మీద పెట్టుకున్నాను. అందులో చూసుకుంటూ గీశాను.

పూర్తయ్యేసరికి మధ్యాహ్నం మూడయింది. ప్రమీల వచ్చి చూసి లోపలికి పోయింది.

18 మార్చి, శుక్రవారం

నాగవ్వ వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుని ఫోటో తీసుకుంది.

"నువ్వు గా ఆటల ఫోటో తియ్యకపోతె నేను నా కొడుకు నవ్వు సూడకనే సత్తును దొరా. ఏడేండ్లకు మూడుమాట్లు కండ్ల నిండ సూసుకున్న. నీ కడుపు సల్లగుండ," అంది.

అప్పుడు చెప్పి ఉండవలసింది. నోరు తెరిచాను కూడా. ఏం తెరిచాను, ఫోటో చుట్టడానికి కాగితం ఉందా అని అడిగాను ప్రమీలను.

నాగవ్వ ఫోటోను వెలుతురుకు పట్టుకుని చూస్తోంది. వేలితో మచ్చ తడిమింది, నుదురు తడిమింది. కళ్ల దగ్గరికి వచ్చి వేలు ఆగింది. దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. తలెత్తి నా ముఖం చూసింది. మళ్లీ ఫోటో చూసింది. ఇంకోసారి నన్ను చూసింది. నేను కాగితం మడతపెడుతున్నాను.

ఫోటో బల్ల మీద పెట్టి నావైపు జరిపింది.

"గీ కండ్లు అద్దు. మూసే ఇయ్యి."

దూది తడిపి తుడిచాను. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు, తొందరగానే పోయింది. కాగితంలో చుట్టి ఇచ్చాను. తీసుకుని రాయికల్ బస్సుకు పోయింది.